రక్తం తగ్గిందా, విరిగిందా?



బీదరు ఊరిని ఆనుకుని ఉన్న మా నౌబాదులో నేల కింద ఒక కాలువ ఉంది. బహమనీ సుల్తానులు తమ రాజధానిని గుల్బర్గా నుంచి బీదరుకు మార్చుకున్న 15వ శతాబ్దంలో, పారశీక దేశపు పద్ధతిలో తవ్వించిన కాలువ అది. పుస్తకాల్లో దాని పేరు కరేజ్. ఊళ్ళో సురంగబావి అంటాం. పొడవు రెండు కిలోమీటర్లకు పైనే. గాలీ వెలుతురూ దిగడానికీ, మనుషులు లోపలికి దిగి పూడిక తీయడానికీ పైనుంచి ఇరవైకి పైబడిన నిలువు బావులు తవ్వారు. ఏదో ఒక వేసవిలో చివరి తొట్టిలోకి నీరు తగ్గిందనుకోండి. ఆనాటి పనివాళ్ళకు రెండు సందేహాలు వచ్చి ఉంటాయి. మొదటి బావి దగ్గర ఊటే తగ్గిందా? లేక ఊట బాగానే ఉండి నీరు దారిలో ఎక్కడో పోతోందా? తొట్టి దగ్గర నిలబడి చూస్తే రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. తేడా తెలియాలంటే లోపలికి దిగాలి.

మనిషి ఒంట్లో రక్తం తగ్గినప్పుడు కూడా అడగవలసిన ప్రశ్న ఇదే. రక్తం పుట్టడం లేదా, పుట్టినది విరిగిపోతోందా? ఈ రెండో రకాన్ని వైద్యులు హీమోలిటిక్ అనీమియా అంటారు. గ్రీకు భాషలో హైమా అంటే రక్తం, లైసిస్ అంటే విడిపోవడం. ఇవాళ ఈ ప్రశ్న చరిత్రను, దానికి జవాబు చెప్పే పరీక్షల చరిత్రను మీతో పంచుకుంటాను. నేను వైద్యుణ్ణి కాను, బడిపంతుల్ని. ఈ విషయం నేను ఎందుకు నేర్చుకోవలసి వచ్చిందో ముందు చెప్పాలి.

కొన్నేళ్ళ కిందట నా ఏడో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. తండ్రిది మా ఊరే, తల్లి నారాయణఖేడ్ వైపు ఆమె. ఇంట్లో తెలుగు, బయట కన్నడం, ఆటల్లో దక్కనీ. సరిహద్దు పిల్లలందరిలాగే మూడు భాషలూ చక్కగా వచ్చు. కానీ మధ్యాహ్నమయ్యేసరికి బెంచీ మీద తల వాల్చేవాడు. పరుగు పందెంలో సగం దూరం వెళ్ళి కూర్చునేవాడు. సోమరితనమనుకుని నేను ఒకటి రెండుసార్లు గట్టిగానే మందలించాను. వాళ్ళ నాయనమ్మ బడికి వచ్చి, "సారూ, పోరడు ఇంట్ల కూడ గిట్లనే పంటడు, రగతం లేదంట, టానిక్కు తాపుతున్నం" అన్నది. నేను కూడా నా వంతు సలహాగా బెల్లం, తోటకూర పెట్టమన్నాను. ఆ పిల్లవాడి కళ్ళు అప్పుడప్పుడు పసుపుపచ్చగా ఉండేవి. ఆ సంగతి నేను చూశాను. చూసి కూడా రెండింటినీ కలిపి ఆలోచించలేదు.

పచ్చకామెర్లు అనే మాట మన అందరికీ తెలుసు. కన్నడ మిత్రులు కామాలె అంటారు, ఉర్దూలో యర్కాన్. పేరు ఏదైనా మన పల్లెల్లో వైద్యం ఒకటే. కంట్లో పసరు, చెవిలో పసరు, లేదంటే చేతి మీద వాత. కలుషిత నీటి వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతటవే తగ్గుతాయి. పేరు మాత్రం పసరుకు వస్తుంది. ఈ అబ్బాయికి రెండుసార్లు పసరు పోశారు, రెండుసార్లూ తగ్గింది, మళ్ళీ వచ్చింది. పాలిపోవడానికి ఒకచోట, పచ్చబడటానికి ఇంకొకచోట వైద్యం జరిగింది. రెండూ ఒకే జబ్బుకు రెండు ముఖాలని ఎవరికీ తట్టలేదు.

నిజానికి మన పూర్వులకు ఈ సంబంధం కొంత తెలుసు. చరకసంహితలో పాండురోగం గురించి చెప్పిన అధ్యాయంలోనే కామల గురించి కూడా చెప్పారు. పాండురోగం ముదిరితే కామల వస్తుందని వారు గమనించారు. పాండురోగానికి ఇనుము కలిసిన మందులు వాడారు. కంటితో చూసి తెలుసుకోగలిగినంత వారు తెలుసుకున్నారు. ఆపైన తెలుసుకోవాలంటే సూక్ష్మదర్శిని కావాలి.

ఎర్ర రక్తకణం ఎముకల్లోని మూలుగలో పుడుతుంది. సుమారు 120 రోజులు బతుకుతుంది. ముసలిదైపోయాక మన ఎడమ డొక్కలో ఉండే ప్లీహం, అంటే తిల్లి, దాన్ని పట్టుకుని విరిచేస్తుంది. లోపలి ఇనుమును శరీరం దాచుకుంటుంది. మిగిలిన దానిలోంచి బిలిరుబిన్ అనే పసుపు పదార్థం తయారై కాలేయానికి పోతుంది. ఆరోగ్యవంతుడిలో ప్రతి సెకనుకూ 20 లక్షలకు పైగా కణాలు ఇలా పోతుంటాయి, అన్నే కొత్తవి పుడుతుంటాయి. ఇప్పుడు ఏదో కారణంవల్ల కణాలు 120 రోజులకు బదులు 20, 30 రోజులకే విరుగుతున్నాయనుకోండి. మూలుగ ఊరుకోదు. తన పనిని ఆరు నుంచి ఎనిమిది రెట్ల దాకా పెంచుతుంది. అంతవరకు బయటికి ఏమీ తెలియకపోవచ్చు. ఆ హద్దు కూడా దాటితే మనిషి పాలిపోతాడు. విరిగిన కణాల పసుపు కాలేయం మోయగలిగిన దానికంటే ఎక్కువైతే కళ్ళు పచ్చబడతాయి. ప్లీహం పని పెరిగి వాస్తుంది. దాన్నే మన పెద్దలు కడుపులో బల్ల పెరిగిందనేవారు.

ఈ సంగతి మొదట పట్టుకున్నవారిలో బెల్జియం దేశపు ఇద్దరు వైద్యులు ఉన్నారు, వాన్‌లెయిర్, మాసియస్ అని. 1871లో వారు ఒక స్త్రీ రక్తాన్ని పరీక్షిస్తే ఎర్రకణాలు మామూలుగా ఉండేలా మధ్యలో గుంటపడి పళ్ళెంలా కాకుండా, చిన్నవిగా, గుండ్రంగా బంతుల్లా కనిపించాయి. దాని అర్థం అప్పటికి ఎవరికీ తెలియలేదు. 1887లో ఇంగ్లండులో స్పెన్సర్ వెల్స్ అనే శస్త్రవైద్యుడు ఒకామెకు గర్భసంచిలో గడ్డ అనుకుని పొట్ట కోశాడు. చూస్తే అది గడ్డ కాదు, పెరిగిపోయిన ప్లీహం. తీసేశాడు. ఏళ్ళ తరబడి ఉన్న ఆమె కామెర్లు ఆపైన పోయాయి! పొరపాటున దొరికిన జవాబు అన్నమాట. 1900లో జర్మనీలో మింకోవ్‌స్కీ ఒకే కుటుంబంలో తరతరాలుగా ఇలాంటి కామెర్లు వస్తున్నాయని రాశాడు.

ఆ తర్వాత 1907లో పారిస్ నగరంలో షొఫార్ అనే వైద్యుడు ఒక చిన్న పరీక్ష చేశాడు. దీన్ని కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది మన బడి ప్రయోగశాలలో చేయగలిగినంత సులువైన ఊహ. మన రక్తానికి సరిపడే ఉప్పునీటి గాఢత 0.9 శాతం. కొన్ని గాజుగొట్టాలు తీసుకుని ఒక్కొక్కదానిలో ఉప్పు కొంచెం కొంచెం తగ్గిస్తూ పోయాడు. ప్రతిదానిలో రక్తం చుక్కలు వేశాడు. ఉప్పు తగ్గిన కొద్దీ నీరు కణంలోకి చొరబడుతుంది. మామూలు కణం సగం నిండిన సంచి లాంటిది, కొంత నీరు తాగినా తట్టుకుంటుంది. సుమారు 0.5 శాతం దాకా దిగాక గాని పగలడం మొదలుపెట్టదు. గుండ్రటి కణమేమో నిండా ఊదిన బుడగ. అంతకంటే ముందే, ఇంకా ఉప్పు ఎక్కువగా ఉన్న గొట్టంలోనే పగిలి నీటిని ఎర్రగా చేస్తుంది. ఏ గొట్టంలో ఎరుపు మొదలైందో కంటితో చూసి చెప్పవచ్చు. నూరేళ్ళు దాటినా ఈ ఉప్పునీటి పరీక్ష ఇప్పటికీ వాడుకలో ఉంది.

ఆయనే ఇంకొకటి కూడా గమనించాడు. ఈ రోగుల రక్తంలో లేత కణాలు బాగా ఎక్కువ. మూలుగలోంచి అప్పుడే బయటికి వచ్చిన ఈ లేత కణాల లోపల ప్రత్యేకమైన రంగు వేస్తే సన్నని వలలాంటి గీతలు కనిపిస్తాయి. వాటిని రెటిక్యులోసైట్లు అంటారు. పెద్దవారిలో ఇవి నూటికి ఒకటి, రెండు ఉంటాయి. శ్రోతలారా, నేను మొదట చెప్పిన రెండు సందేహాలకు జవాబు చెప్పేది ఈ లెక్కే. రక్తం తక్కువగా ఉండి లేత కణాలు కూడా తక్కువగా ఉంటే ఊట ఎండినట్టు. రక్తం తక్కువగా ఉండి లేత కణాలు ఎక్కువగా ఉంటే ఊట బాగానే ఉంది, నీరు దారిలో పోతోంది. అంటే ఎక్కడో రక్తస్రావం కావాలి, లేదా కణాలు విరిగిపోతుండాలి. మామూలు ప్రయోగశాలలో ఒక రంగు, ఒక గాజుపలక, ఓపికగల ఒక మనిషి ఉంటే ఈ లెక్క తేలుతుంది. ఎన్నో చీటీల మీద హీమోగ్లోబిన్ ఒక్కటే రాసి ఈ లెక్క రాయకపోవడం నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అన్నీ పుట్టుకతో వచ్చేవి కావు. నలభై ఏళ్ళు ఆరోగ్యంగా తిరిగిన మనిషికి హఠాత్తుగా కణాలు విరగడం మొదలుకావచ్చు. శరీరం శత్రువుల కోసం తయారుచేసుకునే ప్రతిరక్షకాలు దారి తప్పి సొంత ఎర్రకణాలకే అంటుకుంటాయి. దీన్ని కనిపెట్టడం కష్టం, ఎందుకంటే అంటుకున్నవి కంటికి కనబడవు. 1945లో ఇంగ్లండు శాస్త్రవేత్త రాబిన్ కూంబ్స్, మూరాంట్, రేస్ అనే ఇద్దరు సహచరులతో కలిసి దీనికి ఉపాయం కనుగొన్నాడు. యుద్ధకాలం. ఒక రాత్రి లండన్ నుంచి కేంబ్రిడ్జికి వెళ్ళే రైలుపెట్టెలో చదువుకోవడానికి చాలినంత దీపం లేక, ఊరికే కూర్చుని ఆలోచిస్తుంటే ఆ ఊహ తట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. మనిషి ప్రతిరక్షకాన్ని కుందేలుకు ఎక్కిస్తే, దాన్ని పట్టుకునే మరొక పదార్థం కుందేలు రక్తంలో తయారవుతుంది. ఆ పదార్థాన్ని రోగి కణాలకు కలిపితే, పైన ప్రతిరక్షకం అంటుకున్న కణాలను అది చేతులు చాచి ఒకదానితో ఒకటి కలిపేస్తుంది. గాజు గొట్టంలో ముద్దలు కనిపిస్తాయి. ముద్దలు కడితే ఇది శరీరం తనమీద తాను చేసుకున్న దాడి. కట్టకపోతే కారణం వేరే వెతకాలి. మరుసటి ఏడాదే, 1946లో, పుట్టుకతో వచ్చే రకాన్నీ తర్వాత వచ్చే రకాన్నీ ఈ పరీక్షతో విడదీసి చూపించారు. మొరెస్కీ అనే ఇటలీ శాస్త్రవేత్త 1908లోనే ఈ ఊహను ప్రచురించాడని తర్వాత తెలిసింది. కానీ పేరు మాత్రం కూంబ్స్ పరీక్షగానే నిలిచిపోయింది.

ఈ పరీక్ష ఎక్కువగా ఆదుకున్నది పసిపిల్లల్ని. తల్లి రక్తం ఆర్‌హెచ్ నెగిటివ్, బిడ్డది పాజిటివ్ అయితే తల్లి ప్రతిరక్షకాలు గర్భంలో ఉన్న బిడ్డ కణాలను విరిచే ప్రమాదం ఉంది. సాధారణంగా మొదటి కాన్పు బాగానే జరిగి, తర్వాతి కాన్పుల్లో బిడ్డలు దక్కకపోయేవారు. ఎన్ని ఇళ్ళల్లో దీనికి గాలి సోకిందనీ, దిష్టి తగిలిందనీ చెప్పుకుని ఏడ్చారో! 1968 నుంచి యాంటీ డి అనే సూదిమందు వాడుకలోకి వచ్చింది. గర్భిణి గ్రూపు ముందే తెలిస్తే, వేళకు ఆ సూది పడితే, ఈ కథ అక్కడే ఆగుతుంది.

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. 1897లో బీదరు నిజాం రాజ్యంలో భాగం. ఇక్కడికి నూరు మైళ్ళయినా లేని సికింద్రాబాదులో, బేగంపేట దగ్గర, రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమలను కోస్తూ కూర్చున్నాడు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలచేత కుట్టించి, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చేవాడు. ఆగస్టు 20న ఒక దోమ పొట్ట గోడలో గుండ్రటి కణాలు, వాటిలో నల్లని చుక్కలు కనిపించాయి. మలేరియాకూ దోమకూ సంబంధం అక్కడ దొరికింది. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇదంతా మనం పాఠాల్లో చెబుతాం. ఆ నల్ల చుక్కలు ఏమిటో మాత్రం చెప్పం. మలేరియా క్రిమి మన ఎర్రకణంలో దూరి హీమోగ్లోబిన్‌ను తిని, అరగని భాగాన్ని నల్లని గింజల్లా మిగులుస్తుంది. రాస్ గుర్తుపట్టింది ఆ గింజల రంగునే. ఒక విధంగా చూస్తే ఆ రోజు ఆయనకు దారి చూపింది విరిగిన రక్తపు మసి.

మలేరియా ఉన్నచోట రక్తం విరగడం కొత్త కాదు. క్రిమి బయటికి వచ్చేటప్పుడు కణాన్ని పగలగొట్టుకునే వస్తుంది. జ్వరం తగ్గినా పాలిపోయి, బల్ల పెరిగి ఉండే పిల్లలు ఆ రోజుల్లో మన ఊళ్ళల్లో ఎందరో. అయితే 20వ శతాబ్దంలో వైద్యులను కలవరపెట్టిన వింత ఇంకొకటి. కొందరికి మలేరియా కాదు, మలేరియా మందే రక్తాన్ని విరిచింది! మందు మొదలుపెట్టిన రెండు మూడు రోజులకు మూత్రం నల్లటి టీ డికాక్షన్‌లా వచ్చేది. అమెరికాలో స్టేట్‌విల్ అనే చెరసాలలో ఖైదీల మీద ప్రిమాక్విన్ మందును పరీక్షిస్తూ ఈ తేడాను లోతుగా చూశారు. ఖైదీల మీద అలా ప్రయోగాలు చేయడం న్యాయమా అని తర్వాత చాలా చర్చ జరిగింది, జరగవలసిందే. 1956లో కార్సన్, ఆల్వింగ్ బృందం జవాబు చెప్పింది. ఆ మనుషుల ఎర్రకణాల్లో జీ సిక్స్ పీ డీ అనే ఎంజైమ్ తక్కువ. కణానికి కొన్ని మందుల తాకిడిని తట్టుకునే శక్తి ఇచ్చేది ఆ ఎంజైమే.

ఈ లోపం తల్లి ద్వారా కొడుకులకు వస్తుంది, అందుకే మగపిల్లల్లో ఎక్కువ. మామూలు రోజుల్లో ఏమీ ఉండదు. లోపం ఉందని తెలియకుండానే జీవితం గడిచిపోవచ్చు. మన దేశంలో వైవాక్స్ మలేరియాకు ప్రిమాక్విన్ 14 రోజులు ఇస్తారు. మాత్రలు వేసుకుంటుండగా మూత్రం నల్లబడితే, కళ్ళు పచ్చబడితే, మందు ఆపి వెంటనే దవాఖానాకు వెళ్ళాలి. ఇంకొక సంగతి ఇళ్ళల్లో పెద్దలు వినాలి. బట్టల పెట్టెలో వేసే కలరా ఉండలు, అంటే నాఫ్తలీన్, ఈ లోపం ఉన్న పసిబిడ్డ రక్తాన్ని విరిచేస్తాయి. మనకేమో పుట్టిన బిడ్డను పెట్టెలో దాచిన మెత్తని పాతచీరలో చుట్టే అలవాటు. ఆ చీరను ఉతికి, ఎండబెట్టి, వాసన పూర్తిగా పోయాకే వాడండి. మధ్యధరా సముద్ర తీరంలో ఫావా బీన్స్ తిన్నా ఇలాగే జరుగుతుంది. ఉత్తరాదిన బాక్లా అని అమ్మేది అదే. మన చిక్కుడు, అనుములు వేరే జాతి, భయపడనక్కరలేదు.

బీదరు గురించి మాట్లాడుతూ బిద్రీ పనిని వదలలేను. జింకు 16 పాళ్ళు, రాగి 1 పాలు కలిపి పోతపోసిన పాత్రను నున్నగా చేశాక, మైలుతుత్తం నీటితో రుద్ది తాత్కాలికంగా నలుపు తెస్తారు. ఆ నలుపు మీద ఉలి గీత తెల్లగా కనిపిస్తుంది. చివరి నలుపు కోటలోని పాతమట్టి, నవాసారం కలిపి తెచ్చేది. మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్. కన్నడంలోనూ మైలుతుత్తే. తోటల్లో బోర్డో మిశ్రమానికి కూడా ఇదే వాడతాం. పొరపాటునో, కోపంలోనో దాన్ని మింగితే రాగి రక్తంలోకి చేరి ఎర్రకణాలను పెద్దఎత్తున విరుస్తుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. 1960ల నుంచి మన దేశపు వైద్య పత్రికల్లో ఇలాంటి కేసులు ఎన్నో వచ్చాయి. పనివాళ్ళ చేతికి అంటినంత మాత్రాన ఇలా కాదు. కానీ నీలంగా, పటికబెల్లంలా మెరిసే ఆ పలుకులను పిల్లలకు అందేచోట పెట్టకూడదు.

ఇక తెలుగు ప్రాంతాలను ఎక్కువగా బాధించిన రకం సికిల్ సెల్. ఎర్రకణం కొడవలిలా వంగిపోతుంది, చిన్న నాళాల్లో ఇరుక్కుంటుంది, పది ఇరవై రోజులకే విరుగుతుంది. కీళ్ళలో, ఎముకల్లో భరించరాని నొప్పి. 1904లో షికాగోలో చదువుకుంటున్న గ్రెనడా దీవి యువకుడు వాల్టర్ క్లెమెంట్ నోయెల్ రక్తంలో వైద్యులు ఈ ఆకారాన్ని చూశారు. హెరిక్ అనే వైద్యుడు 1910లో ప్రచురించాడు. 1949లో లైనస్ పౌలింగ్ బృందం ఆ హీమోగ్లోబినే వేరని, విద్యుత్తు ప్రవాహంలో అది నడిచే తీరు వేరని చూపింది. ఆ సిద్ధాంతం మీద నడిచే ఎలెక్ట్రోఫొరెసిస్ పరీక్ష ఇప్పటికీ ఉంది. ఇది ఆఫ్రికా జబ్బని అప్పట్లో అందరి నమ్మకం. 1952లో లేమాన్, కట్‌బుష్ అనే ఇద్దరు నీలగిరి కొండల గిరిజనుల రక్తం పరీక్షించి ఇది మనదేశంలోనూ ఉందని రాశారు. ఆ తర్వాత ఆదిలాబాదు గోండులు, కోలాములు, భద్రాచలం వైపు కోయలు, విశాఖ మన్యం ప్రజలు, ఒక్కొక్కచోట వెతికిన కొద్దీ కనిపించింది. అడవి జనం అంతకుముందు కూడా ఈ నొప్పులతో ఉన్నవారే. అడిగినవారు లేరు.

అడవుల్లోనే ఎందుకు? దానికి జవాబు మళ్ళీ మలేరియా దగ్గరికే తీసుకెళుతుంది. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క లోపపు జన్యువు మాత్రమే వచ్చినవారికి జబ్బు రాదు, పైగా ప్రాణాంతక మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుందని 1954లో ఆలిసన్ చూపాడు. దోమ ఎక్కువగా ఉన్నచోట వేల ఏళ్ళుగా ఆ జన్యువు నిలిచింది. రెండువైపుల నుంచీ వచ్చిన బిడ్డే బలి. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమాన్ని ప్రారంభించింది. నలభై ఏళ్ళ లోపు 7 కోట్ల మందికి రక్తపరీక్ష చేయడం, 2047 నాటికి దీన్ని లేకుండా చేయడం లక్ష్యం.

తలసీమియా కూడా ఇదే దారిలో వచ్చేది. అందులో హీమోగ్లోబిన్ తయారీలోనే లోటు. ఒక్క జన్యువు ఉన్నవారు చూడటానికి ఇనుము లోపించిన వారిలాగే కనిపిస్తారు, ఏళ్ళ తరబడి ఇనుము మాత్రలు మింగుతుంటారు. అలాంటి ఇద్దరికి పెళ్ళయితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. ఆ బిడ్డ జీవితమంతా ఇతరుల రక్తం మీద ఆధారపడాలి. శ్రోతలారా, మనకు మేనరికం ప్రీతి. మేనమామకు, మేనబావకు ఇచ్చుకుంటే ఆస్తి, ఆప్యాయత ఇంట్లోనే ఉంటాయని తెలుగువారూ కన్నడిగులూ ఒకేలా అనుకుంటారు. కానీ ఒకే తాత రక్తం రెండువైపుల నుంచీ కలిసే ఇళ్ళల్లో ఇలాంటి జన్యువులు కలుసుకునే అవకాశం పెరుగుతుంది. జాతకం చూపించే ముందు ఇద్దరికీ హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్ష ఒక్కసారి చేయించమని నేను పెళ్ళిపెద్దలతో అంటుంటాను. కొందరికి కోపం వస్తుంది. రానీయండి. హైదరాబాదులో 1998లో తలసీమియా, సికిల్ సెల్ సొసైటీ ఏర్పడింది. దాన్ని నిలబెట్టినవారిలో పిల్లల తల్లిదండ్రులు ఉన్నారు.

ఈ జబ్బులన్నిటిలోనూ వైద్యులు రాసే ఒక చిన్న మాత్ర ఉంది, ఫోలిక్ ఆమ్లం. విరిగిన కణాల స్థానంలో కొత్తవి పుట్టించడానికి మూలుగ రేయింబవళ్ళు పనిచేస్తుంటే, ఈ విటమిన్ త్వరగా ఖర్చయిపోతుంది. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. 1945లో అది సాధ్యమైంది. ఆయన సోదరుణ్ణి స్ప్రూ వ్యాధి తీసుకుపోయింది. ఆ వ్యాధిలో వచ్చే రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లం మందయింది.

పరీక్షల విషయంలో రెండు మూడు మెలికలు ఉన్నాయి, చదువుకున్నవారు కూడా వీటి దగ్గర పొరబడతారు. హీమోగ్లోబిన్ రకాన్ని చూసే పరీక్ష రక్తం ఎక్కించకముందే చేయాలి. ఎక్కించాక చేస్తే దాత రక్తం కలిసి ఫలితం తారుమారవుతుంది, మళ్ళీ మూడు నెలలు ఆగాలి. జీ సిక్స్ పీ డీ పరీక్ష రక్తం విరిగిన వెంటనే చేస్తే లోపం లేదని రావచ్చు. ఎందుకంటే లోపం ఎక్కువగా ఉన్న ముసలి కణాలు అప్పటికే పోయి, లేతవి మాత్రమే మిగిలి ఉంటాయి. కొన్ని వారాల తర్వాత మళ్ళీ చేయించాలి. మూత్రం రంగు కూడా ఒక సాక్ష్యమే. కాలేయపు కామెర్లలో మూత్రం ముదురు పసుపుగా ఉంటుంది. ప్లీహంలో కణాలు విరిగే కామెర్లలో కళ్ళు పచ్చగా ఉన్నా మూత్రం మామూలుగా ఉండవచ్చు, ఎందుకంటే ఆ దశలో బిలిరుబిన్ నీటిలో కరగదు. నాళాల్లోనే ఒక్కసారిగా విరిగితే మాత్రం ఇందాక చెప్పిన డికాక్షన్ రంగు వస్తుంది. వైద్యుడు అడిగినప్పుడు సిగ్గుపడకుండా చెప్పండి.

ఇది విని ఎవరూ ఇనుము మాత్రలు మానేయకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. అందులో ఇనుము లోపమే పెద్ద కారణం. మాత్రలు సరిగ్గా వేసుకున్నా నెల రెండు నెలల్లో రక్తం పెరగకపోతే, లేదా పాలిపోవడంతోపాటు కళ్ళు పచ్చబడితే, అప్పుడు లేత కణాల లెక్క, గాజుపలక మీద రక్తపరీక్ష, బిలిరుబిన్, ఎల్‌డీహెచ్, కూంబ్స్ చేయించమని అడగండి.

మా అబ్బాయి సంగతి చెప్పి ముగిస్తాను. ఒక ఎండాకాలం వాడికి జ్వరం వచ్చి, రక్తం మరీ తగ్గి, హైదరాబాదుకు తీసుకెళ్ళారు. అక్కడ గాజుపలక చూసిన అమ్మాయి వాళ్ళ నాన్నను ఒక ప్రశ్న అడిగిందట, "మీకెప్పుడైనా పిత్తాశయంలో రాళ్ళకు ఆపరేషన్ అయిందా?" అని. అయింది, ఇరవై ఆరో ఏట. ఏళ్ళ తరబడి విరిగిన రక్తపు పసుపు పేరుకుని ఆ వయసులోనే రాళ్ళు కట్టింది. తండ్రి రక్తం కూడా తీసి చూశారు. కూంబ్స్ పరీక్షలో ముద్దలు కట్టలేదు. ఉప్పునీటి గొట్టాల్లో ఇద్దరి కణాలూ ముందే పగిలాయి. 1871లో బెల్జియం వైద్యులు చూసిన ఆ గుండ్రటి కణాలే, తండ్రి నుంచి కొడుక్కి. తండ్రిది తేలిక రకం కావడంతో ఆయనకు ఎన్నడూ తెలియలేదు. టానిక్కు ఆపి ఫోలిక్ ఆమ్లం మొదలుపెట్టారు, టీకాలు వేయించి కొన్నేళ్ళ తర్వాత ప్లీహం తీశారు. ఇప్పుడు వాడు జహీరాబాదులో పని చేసుకుంటున్నాడు. పండక్కి వచ్చినప్పుడు కనిపిస్తే, "సార్, ఆ రోజు మీరు నన్ను గ్రౌండు చుట్టూ మూడుసార్లు పరిగెత్తించారు, గుర్తుందా?" అని నవ్వుతాడు. నాకు గుర్తుంది.